సరస్సు ఒడ్డున చిన్న ఊరు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల్లోని చిన్న ఊళ్ళలో జీవనం ఎలా ఉంటుందని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో ఆరింటిని ఈ సంచికకు ఎంచుకున్నాను. నేను పదకొండేళ్ళుగా విస్కాన్సిన్ రాష్ట్రంలో, మిషిగన్ సరస్సు పడమటి ఒడ్డున ఉన్న రసీన్ నగరంలో ఉంటున్నాను కాబట్టి ఈ జవాబులన్నీ ఆ ఊరి అనుభవంతో రాసినవే. అవతలి ఒడ్డున, మిషిగన్ రాష్ట్రంలో ఉన్నవారికి ఇందులో కొన్ని వర్తించవు. శీతాకాలపు పడమటి గాలి సరస్సు మీదుగా వెళుతూ తేమను మోసుకుపోయి మంచుగా వాళ్ళ నెత్తిన కుమ్మరిస్తుంది. మాకు ఆ బెడద చాలా తక్కువ.

ప్రశ్న: నాకు రసీన్‌లో ఉద్యోగం వచ్చింది. ఆ ఊరి పేరు ఇంతకు ముందు ఎప్పుడూ వినలేదు. నేను, నా భార్య, ఆరేళ్ళ పాప వెళ్ళాలి. షికాగో శివార్లలో ఇల్లు తీసుకుని రోజూ కారులో వెళ్ళిరమ్మని స్నేహితులు అంటున్నారు. చిన్న ఊళ్ళో తెలుగువాళ్ళు ఉండరని నా భార్య దిగులు. మీరేమంటారు? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: ఊరి పేరు వినకపోయినా ఆ ఊరి సరుకు మీరు చిన్నప్పుడు తాగే ఉంటారు. ఇంగ్లండు నుంచి వలస వచ్చిన హార్లిక్ సోదరులు తమ మాల్ట్ పాలపొడిని తయారు చేసింది రసీన్‌లోనే. 1883లో దానికి పేటెంట్ తీసుకున్నారు. అన్నదమ్ముల్లో విలియం హార్లిక్ ఇక్కడే స్థిరపడి, ధ్రువ యాత్రికులకు ధన సహాయం చేయడంతో అంటార్కిటికాలో ఒక పర్వత శ్రేణికి ఆయన ఇంటిపేరు పెట్టారు. జ్వరం వచ్చి తగ్గిన పిల్లలకు మన ఇళ్ళలో కలిపి ఇచ్చే గ్లాసుకు ఈ ఊరితో సంబంధం ఉందని తెలిసిన రోజున నాకు ఈ ఊరి మీద పరాయితనం కొంత తగ్గింది.

మీ స్నేహితుల సలహాను నేను పాటించి చూశాను. మొదటి ఏడాది షికాగోకు ఉత్తరాన ఒక శివారులో అద్దెకుండి రోజూ గంటకు పైగా కారు నడిపి ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి. జూన్‌లో ఆ ప్రయాణం హాయిగానే ఉంటుంది. జనవరిలో ఒక సాయంత్రం ఇంటర్‌స్టేట్ 94 రహదారి మీద మంచు అడ్డంగా వీచడం మొదలుపెట్టింది. ముందున్న లారీ వెనక దీపాలు తప్ప ఇంకేమీ కనపడలేదు, వైపర్లకు గడ్డకట్టిన మంచు అద్దం మీద టకటకా కొట్టుకుంటూ గీతలు గీసింది, నలభై మైళ్ళకు మూడున్నర గంటలు పట్టింది. ఇంటికి చేరాక స్టీరింగు మీద బిగుసుకుపోయిన వేళ్ళు విప్పుకోవడానికి కాసేపు కారులోనే కూర్చున్నాను. తరువాతి నెలలో రసీన్‌కు మారిపోయాము.

2020 జనాభా లెక్కల ప్రకారం ఈ నగరంలో 77,816 మంది ఉన్నారు. మిల్వాకీ ఉత్తరాన నలభై అయిదు కిలోమీటర్ల దూరంలోనూ, షికాగో దక్షిణాన నూట ఇరవై కిలోమీటర్ల దూరంలోనూ ఉన్నాయి. పని మీద షికాగో వెళ్ళవలసినవారికి పక్కనే ఉన్న స్టర్టెవంట్ స్టేషనులో హయవాతా రైలు ఆగుతుంది, గంటన్నర లోపే చేరుస్తుంది. కనుక దూరం గురించి దిగులు పడనక్కరలేదు. అయితే ఈ ఊరు షికాగోకు ఎంత దూరమో లెక్కపెట్టుకుంటూ గడిపిన కుటుంబాలు రెండు మూడేళ్ళలో వెళ్ళిపోవడం, సరస్సుకు ఎంత దగ్గరో చూసి ఇల్లు తీసుకున్న కుటుంబాలు ఉండిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. ఇక్కడ ఎండ, చలి, తోట, ఇంటి మరమ్మతు, సాయంత్రం షికారు, పిల్లల ఆట అన్నీ ఆ నీటిని అనుసరించే నడుస్తాయి. దాన్ని పట్టించుకోనివారికి ఇది ఒక మామూలు పాత పారిశ్రామిక పట్టణం మాత్రమే, అందులోనూ కొన్ని ఫ్యాక్టరీలు మూతపడిన పట్టణం.

మీ భార్యగారి దిగులు విషయానికి వస్తే, తెలుగువాళ్ళు తక్కువే, కానీ అసలు లేకపోలేదు. పండుగలకు చాలామంది మిల్వాకీ పక్కన పివాకీలోని హిందూ దేవాలయానికి వెళతారు. మొక్కు తీర్చుకోవాలంటే ఇల్లినాయిలోని అరోరా బాలాజీ గుడి దాదాపు రెండు గంటల దూరం. పప్పులు, బియ్యం నెలకోసారి మిల్వాకీ శివార్ల నుంచి తెచ్చుకుంటే సరిపోతుంది. కరివేపాకు కడిగి, పొడిగా తుడిచి, ఫ్రీజరులో పెట్టుకోవడం అందరికీ అలవాటైపోతుంది. గోంగూర మాత్రం పెరట్లోనే వస్తుంది. మే నెలాఖరు దాకా నేల చల్లగా ఉంటుంది కనుక తొందరపడి విత్తనాలు వేయకూడదు. అందుకు బదులుగా శరదృతువులో వెచ్చని సరస్సు ఒడ్డును కాపాడుతుంది: పదిమైళ్ళ పడమరన తొలి గడ్డమంచుకు తోటలు నల్లబడిపోయిన తరువాత కూడా మా పెరట్లో ఆకు కోసుకుంటూ ఉంటాము.

పాపకు మొదటి ఏడాది తెలుగు మాట్లాడే తోటి పిల్లలు దొరకకపోవచ్చు. నా అనుభవంలో అది పిల్లల కంటే తల్లిదండ్రులనే ఎక్కువ బాధిస్తుంది.

ప్రశ్న: నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఇంజినీరును. రసీన్‌లో ఉన్న మా అబ్బాయి ఒక సంగతి చెబితే నమ్మలేకపోయాను. సరస్సుకు ముప్ఫై కిలోమీటర్ల దూరంలోని వాకెషా అనే ఊరు అదే సరస్సు నీళ్ళు వాడుకోవడానికి ఎనిమిది రాష్ట్రాలు ఒప్పుకోవలసి వచ్చిందట. సముద్రమంత నీళ్ళుండగా ఈ పట్టింపు దేనికి? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే, ఆశ్చర్యపోవలసిన అవసరం మీకు ఇంకా తక్కువ. కృష్ణా నీళ్ళను పరీవాహక ప్రాంతం బయటికి తీసుకుపోవచ్చా అన్న తగవు మధ్యలో ఉద్యోగం చేసినవారు మీరు. ఇక్కడి తగవు కూడా అదే.

ముందుగా సరస్సు ఎంతదో చెబుతాను. వైశాల్యం సుమారు 58,000 చదరపు కిలోమీటర్లు, అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మూడో వంతుకు కాస్త ఎక్కువ. అత్యంత లోతైన చోట 281 మీటర్లు. నాగార్జునసాగర్ ఆనకట్టలు రెంటిని ఒకదాని మీద ఒకటి నిలబెట్టి దించినా పైన ఇంకా నీళ్ళుంటాయి. అయితే ఈ నీరంతా మంచుయుగపు హిమానీనదాలు వదిలివెళ్ళిన నిల్వ. మిషిగన్‌తో కలిపి ఇక్కడున్న అయిదు మహా సరస్సుల నీటిలో వాన వల్ల, ఏరుల వల్ల ఏటా కొత్తగా చేరేది దాదాపు ఒక శాతమే. ఎంత పెద్ద చెరువైనా వచ్చే నీటిని బట్టే వాడుకోవాలన్నది మీకు నేను చెప్పవలసిన సూత్రం కాదు.

రెండో సంగతి, విస్కాన్సిన్ ఆగ్నేయ మూలలో పరీవాహకపు గట్టు సరస్సుకు చాలా దగ్గరగా ఉంటుంది. రసీన్ దగ్గర ఒడ్డు నుంచి పడమటికి కారులో పావుగంట వెళ్ళేసరికి ఆ గీత దాటిపోతాము. కొండ కనపడదు, ఎత్తు తెలియదు, రెండు వైపులా మొక్కజొన్న చేలే. ఇటు పడిన వాన మిషిగన్ సరస్సులోకీ, అటు పడిన వాన మిసిసిపీ మీదుగా మెక్సికో సింధుశాఖలోకీ పోతుంది. అటువైపు ఊరికి నీళ్ళిస్తే వాడిన తరువాత అవి తిరిగి రావు. షికాగో చేసింది అదే: 1900లో తన నది ప్రవాహాన్నే వెనక్కి తిప్పి, మురుగుతో పాటు సరస్సు నీటిని మిసిసిపీ వైపు పంపింది. పక్క రాష్ట్రాలు దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ తిరిగాక, 1967 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో షికాగో ఉన్న ఇల్లినాయికి సగటున 3,200 క్యూసెక్కుల పరిమితి ఖరారైంది. ఆ భయంతోనే 2008లో మహా సరస్సుల చుట్టూ ఉన్న ఎనిమిది రాష్ట్రాల ఒప్పందం చట్టమైంది. పరీవాహకం బయటికి నీళ్ళు పోకూడదన్నది దాని సారాంశం; గీతకు రెండు వైపులా పరచుకున్న కౌంటీల్లోని ఊళ్ళు మాత్రం అడగవచ్చు.

వాకెషాకు ఆ అవకాశం దొరికింది. లోతు బావుల నీటిలో రేడియం హద్దు మీరడంతో ఆ ఊరు దరఖాస్తు పెట్టుకుంది, 2016లో ఎనిమిది రాష్ట్రాల ప్రతినిధులూ ఒప్పుకున్నారు. రోజుకు సగటున 82 లక్షల గ్యాలన్లు, అంటే సుమారు 3 కోట్ల 10 లక్షల లీటర్లు. మీ లెక్కలో పదమూడు క్యూసెక్కులు కూడా కావు. మీరు పర్యవేక్షించిన చిన్న పంట కాలువ ఇంతకంటే ఎక్కువే మోసి ఉంటుంది. దానికే ఇంత తతంగం జరిగింది. 2023 అక్టోబరు నుంచి మిల్వాకీ ద్వారా నీళ్ళు అందుతున్నాయి. షరతు ఏమిటంటే వాడిన నీటిని శుద్ధి చేసి తిరిగి సరస్సుకే చేర్చాలి. ఆ నీరు చేరే దారి రూట్ నది, ఆ నది సరస్సులో కలిసేది మా ఊరి నడిబొడ్డున. ఫ్రెంచి భాషలో రసీన్ అంటే వేరు, నది పేరే ఊరి పేరైంది. వాకెషా స్నానాల నీళ్ళు మా వంతెన కిందుగా పోతున్నాయని ఇక్కడివారు ఎగతాళి చేస్తుంటారు. నిజం చెప్పాలంటే ఎండాకాలంలో చిక్కిపోయే నదికి ఆ నీరు కొంత ఆదరువే, అయితే నాణ్యతను గమనిస్తూ ఉండాలన్న ఊరివారి ఆందోళనలో న్యాయం ఉంది.

ప్రశ్న: భీమవరం నుంచి రసీన్ పక్కనున్న కెనోషా వచ్చాను. సరస్సులో చేపలు పట్టి పులుసు పెట్టుకోవచ్చా? (ఒక పాఠకుడు)

జవాబు: పట్టవచ్చు, పెట్టుకోవచ్చు, కానీ మన పద్ధతిలో ఒక మార్పు చేసుకోవాలి.

పదహారేళ్ళు నిండినవారికి రాష్ట్ర ప్రభుత్వపు లైసెన్సు తప్పనిసరి. సాల్మన్, ట్రౌట్ పట్టాలంటే దాని మీద మహా సరస్సుల స్టాంపు ఒకటి అదనంగా కొనాలి. ఆ సాల్మన్ ఇక్కడి చేప కాదు. అట్లాంటిక్ నుంచి కాలువల గుండా చేరిన ఏల్‌వైఫ్ అనే చిన్న చేప విపరీతంగా పెరిగిపోయి, 1967లో కోట్ల కొద్దీ చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. దాన్ని తినడానికే అంతకు ముందు ఏడాది పసిఫిక్ ప్రాంతపు కోహో సాల్మన్ పిల్లలను మిషిగన్ రాష్ట్రం సరస్సులో కలిసే ఏరుల్లో వదిలింది. ఇప్పుడు ఆ సాల్మన్ కోసమే జనం పడవలు కొంటున్నారు.

పులుసు దగ్గర ఇబ్బంది ఏమిటంటే, పాతకాలపు ఫ్యాక్టరీల నుంచి చేరిన పీసీబీ అనే రసాయనాలు పెద్ద చేపల కొవ్వులో పేరుకుని ఉంటాయి. కాల్చితే కొవ్వు కారిపోతుంది, పులుసులో అయితే మొత్తం రసంలోకే దిగుతుంది. అందుకని చర్మం పూర్తిగా తీసేసి, పొట్ట కింది కొవ్వు, వీపు మీది కొవ్వు, రెండు పక్కలా ఒంటి మధ్యగా గోధుమరంగు గీతలా ఉండే మాంసం కోసి పారేసి అప్పుడు పులుసు పెట్టండి. తల వేయకండి. తల లేని పులుసు పులుసేనా అని భీమవరం వారు అడుగుతారని తెలుసు, అయినా వేయకండి. ఏ రకం ఎన్నాళ్ళకోసారి తినవచ్చో రాష్ట్ర సహజ వనరుల శాఖ పట్టిక ఇస్తుంది. గర్భిణులు, పిల్లలు దాన్ని కచ్చితంగా పాటించాలి. శరదృతువులో గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎక్కిన సాల్మన్‌ను చూసి మురిసిపోవచ్చు గాని, అప్పటికి అది తిండి మానేసి నీరసించి, మాంసం పాలిపోయి మెత్తబడి ఉంటుంది. దానికి మసాలా దండగ.

ప్రశ్న: మా కోడలికి డిసెంబరులో పురుడు. నవంబరులో వచ్చి ఆరు నెలలుందామనుకుంటున్నాను. నాకు చలి బొత్తిగా పడదు. స్వెటర్లు ఎన్ని తెచ్చుకోవాలి? సరస్సు గడ్డకడితే దాని మీద నడవవచ్చని మనవడు అంటున్నాడు, నిజమేనా? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: అమ్మా, ముందు రెండో ప్రశ్నకు చెబుతాను. నడవకండి, మనవణ్ణీ నడవనివ్వకండి. చిన్న చెరువుల సంగతి వేరు. మిషిగన్ సరస్సు మొత్తంగా గడ్డకట్టదు. అలలు ఒడ్డున చిమ్మిన నీరు పొరలు పొరలుగా గడ్డకట్టి తెల్లని మెట్టలా కనిపిస్తుంది; దాని అడుగున నీళ్ళు కొట్టుకుంటూనే ఉంటాయి, మధ్యలో డొల్లలు ఉంటాయి. నేల ఎక్కడ ముగిసి నీరు ఎక్కడ మొదలైందో ఆ ఊళ్ళో పుట్టినవారికే తెలియదు.

స్వెటర్లు ఎక్కువ తేవద్దు. చలికోటు, మంచు మీద జారని బూట్లు ఇక్కడే కొనాలి. మన దగ్గర దొరికేవి ఈ చలికి ఆగవు. మామూలు జనవరి రాత్రి మైనస్ ఎనిమిది, తొమ్మిది డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. 2019 జనవరి చివర రెండు రోజులు మైనస్ ముప్ఫై దరిదాపులకు దిగింది, బడులు మూసేశారు. ఇంట్లో మాత్రం ఇరవై డిగ్రీలకు తగ్గదు, కాబట్టి లోపల నూలు చీరలు చాలు. బయటికి చీరతో వెళ్ళినప్పుడు కుచ్చిళ్ళు జాగ్రత్త: మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ నీళ్ళు అంచుకు తగిలి ఎండాక తెల్ల చారలు కడతాయి. మా అమ్మ వచ్చిన శీతాకాలంలో రెండు మంచి చీరలు అలా పాడయ్యాక సల్వారు వేసుకోవడానికి ఒప్పుకుంది. ఇంటికి ఫోను చేసినప్పుడు ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

కొబ్బరినూనె ఇరవై నాలుగు డిగ్రీల లోపు గడ్డకడుతుంది కనుక సీసాకు బదులు వెడల్పు మూతి డబ్బా తెచ్చుకోండి, చెంచాతో తీసుకోవచ్చు. ఇంటిని వెచ్చబరిచే ఫర్నేసు గాలికి చర్మం పొడిబారి పెదవులు పగులుతాయి, ఆ నూనె బాగా పనికివస్తుంది. కిటికీలు నెలల తరబడి మూసే ఉంటాయి. ఎండుమిరపకాయల పోపు వేస్తే పొగ అలారం మోగుతుంది, ఆ వాసన కోట్లకు పట్టి ఆఫీసు దాకా వెళుతుంది. పోపు పెట్టేముందు కోట్ల అల్మరా తలుపు మూసి, ఫ్యాను వేయండి.

అన్నిటి కంటే ఎక్కువ బాధించేది చీకటి. డిసెంబరులో సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకే పొద్దు కుంకుతుంది, పగలు తొమ్మిది గంటలే. పసిబిడ్డ ఉన్న ఇంట్లో అది ఇంకా బరువుగా ఉంటుంది, మీకూ కోడలికీ కూడా. మధ్యాహ్నం ఎండ కాసిన రోజున పది నిమిషాలైనా బయట నిలబడండి. బాగా చలిగా ఉన్న ఉదయం సరస్సు ఒడ్డుకు కారులో తీసుకువెళ్ళమనండి: గాలి కంటే నీరే వెచ్చగా ఉండి, మన గంగాళంలో నీళ్ళు కాగుతున్నట్టు సరస్సు పొడవునా ఆవిరి లేస్తుంది. కారు అద్దంలో నుంచి చూసినా చాలు. సందర్శకుల ఆరోగ్య బీమా తీసుకోకుండా మాత్రం విమానం ఎక్కకండి, పాత జబ్బులకు అది ఎంతవరకు వర్తిస్తుందో అబ్బాయి చేత చదివించుకోండి.

ప్రశ్న: సరస్సుకు ఎదురుగా, గట్టు మీద పాత ఇల్లు ఒకటి అమ్మకానికి వచ్చింది. ధర అందుబాటులో ఉంది. కొనవచ్చా? (ఒక పాఠకురాలు, రసీన్)

జవాబు: ఎదురుగా సరస్సు ఉండీ ధర అందుబాటులో ఉందంటే, ముందు ఇంటిని వదిలేసి గట్టును చూడండి.

ఇక్కడ ఆటుపోట్లు లెక్కలోకి రానంత స్వల్పం. కానీ నీటిమట్టం ఏళ్ళ తరబడి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. 2013 జనవరిలో చరిత్రలోనే తక్కువ మట్టం, 2020 వేసవిలో దానికి ఆరడుగులకు పైగా ఎక్కువ. బీచి వెడల్పుగా ఉన్న సంవత్సరంలో ఇల్లు చూసి ముచ్చటపడినవారు ఏడేళ్ళలో ఆ బీచి మొత్తం నీటి కింద పోవడం చూశారు. 2020 జనవరి 11 నాటి తుపాను మిల్వాకీ, రసీన్, కెనోషా తీరాలను బాగా దెబ్బతీసింది. మామూలుగా ఆ నెలలో ఒడ్డున పేరుకునే గడ్డమంచు అలల దెబ్బను కాస్తుంది. ఆ ఏడాది అది లేదు, మట్టమేమో ఎక్కువ. మా వీధికి కొంచెం దూరంలో ఒక పెరటి కంచె స్తంభాలు మూడు తీగకు వేలాడుతూ గాలిలో ఊగడం మర్నాడు నా కళ్ళతో చూశాను. వాటి కింది నేల అంతకు ముందు రోజు వరకు పచ్చిక.

కనుక బంకమట్టి గట్లు చూసే ఇంజినీరును పిలిపించి, గట్టు అడుగున బండలు పేర్చారా, అవి ఎవరి ఖర్చుతో ఎప్పుడు పేర్చారు, పైనుంచి వాననీరు గట్టులోకి ఇంకుతోందా అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. మామూలు గృహ బీమా వరదకు గాని, నేల జారడానికి గాని వర్తించదు. ఈ ఒక్క వాక్యాన్ని ఏజెంటు చేత నిర్ధారించుకోకుండా సంతకం పెట్టవద్దు.

ఇంటి సంగతి తేలిక. 1978కి ముందు కట్టినదైతే పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. వీధి నుంచి ఇంటికి వచ్చే నీటి గొట్టం సీసానిదా అని నగర నీటి శాఖను అడగండి. నేలలో నుంచి ఇంట్లోకి చేరే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువుకు బేస్‌మెంటులో పరీక్ష చేయించండి, లీటరు గాలికి 4 పికోక్యూరీలు దాటితే దాన్ని బయటికి పంపే గొట్టమూ ఫ్యానూ పెట్టించాలి. బేస్‌మెంటులో ఊరే నీటిని తోడిపోసే సంప్ పంపు ఉంటే కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ ఉందేమో చూడండి, ఎందుకంటే కరెంటు పోయేదీ బేస్‌మెంటులోకి నీళ్ళు వచ్చేదీ ఒకే రాత్రి.

నా మటుకు నేను సరస్సుకు నాలుగు వీధుల లోపల ఇల్లు తీసుకున్నాను. నడిచి పది నిమిషాలు. అలల చప్పుడు తూర్పుగాలి వీచినప్పుడు మాత్రమే వినిపిస్తుంది, నాకు అది చాలు.

ప్రశ్న: పిల్లలకు సెలవులు ఇచ్చారు. నార్త్ బీచిలో ఈత కొట్టనివ్వవచ్చా? ఒక రోజు వెచ్చగా ఉన్న నీరు మర్నాడు మంచులా ఉంటోంది, కారణం ఏమిటి? (ఒక పాఠకురాలు, రసీన్)

జవాబు: వేసవిలో పడమటి గాలి ఒకటి రెండు రోజులు గట్టిగా వీస్తే ఒడ్డున ఉన్న వెచ్చని పైనీటిని నడి సరస్సు వైపు నెట్టేస్తుంది, ఆ ఖాళీలోకి అడుగునున్న చల్లని నీరు ఎగదన్నుకు వస్తుంది. బయట ఎండ మండిపోతున్నా నీరు ఒక్క రాత్రిలో పది డిగ్రీలు పడిపోవడానికి కారణం అదే. ఒడ్డు నుంచి చూస్తే తేడా తెలియదు. పైగా చల్లని నీరు మరింత నిర్మలంగా కనిపించి పిల్లలను ఊరిస్తుంది.

వేసవిలో నీటిని పరీక్షించి, సూక్ష్మజీవులు ఎక్కువగా ఉన్న రోజున దిగవద్దని హెచ్చరిక పెడతారు, పెద్ద వాన కురిసిన మర్నాడు తప్పకుండా చూసుకోండి. జీవరక్షకులు ఉన్న వేళల్లోనే, వాళ్ళ కంటికి ఆనే మేరలోనే దింపండి. నదీముఖం దగ్గరి రాతిగట్ల పక్కకు మాత్రం వెళ్ళనివ్వకండి. గాలి ఆగిపోయిన తరువాత కూడా గట్టు వెంబడి నీరు లోపలికి లాగుతుంది, ఎంత ఈత వచ్చినవారికైనా దానికి ఎదురీదడం కష్టం. చిక్కుకుంటే ఎదురీదకుండా వెల్లకిలా తేలుతూ కేక వేయడం పిల్లలకు ముందుగానే నేర్పండి.

దింపే ముందు మీరే చీలమండల దాకా నీటిలో నిలబడి నిదానంగా అరవై లెక్కపెట్టండి. ఆలోగా ఎముకల్లో నొప్పి మొదలైతే ఆ రోజుకు ఇసుకలో గూళ్ళు కట్టుకోవడమే.